శైలు అడిగిన ప్రశ్న

మునెమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. చదవడానికి నువ్వు లేవని తెలుసు. అయినా ఇంత సంతోషం నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

హోసూరులో పెద్ద సభ. వ్యాపారం గురించీ, కంప్యూటర్ల గురించీ పుస్తకాలు రాసిన ఒక పెద్దాయనను వేదిక మీద ప్రశ్నలు అడిగింది ఎవరనుకున్నావు? మన కూతురు శైలు! నత్తితో బడిలో తన పేరు చెప్పలేక ఏడ్చిన మన బంగారుతల్లి!

మొదట బాగానే అడిగింది. తర్వాత “సార్, మి... మి...” అని ఆగిపోయింది. పక్కనున్న ఉద్దనపల్లి వెంకటప్ప నన్ను పొడిచి, “ఏమప్పా, బిడ్డ మర్చిపోయినట్టుండాది. నువ్వన్నా అందియ్యి” అన్నాడు.

“నోరు మూసుకోప్పా!” అన్నాను. “దాని మాట అదే చెప్పల్ల, అంతదాకా మనం కాచుకోవల్ల” అనేదానివి కదా నువ్వు. నేనూ మాట అందించకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పెద్దాయన “మిత్రులా?” అని అందించబోయాడు. శైలు చెయ్యెత్తింది.

“రవ్వంత కాచుకోండి సార్, నేనే అడుగుతాను.”

ఊపిరి తీసుకుని, ఆగి ఆగి అడిగింది. “మిషన్లు మన మాటను ముందే పూర్తి చేసేస్తా ఉండాయి. ఇంక ఎదుటి మనిషి మాట ముగించేదాకా కాచుకునేదెవరు సార్?”

ఆయన కుర్చీని శైలు వైపు జరుపుకున్నాడు. “నాకు తెలీదమ్మా. నీ కోసం ఎవరు కాచుకున్నారు?”

“మా అమ్మ,” అంది శైలు.

ఆ మాట దగ్గర మాత్రం ఎక్కడా ఆగలేదు మునెమ్మా.