లైన్ క్లియర్ కాగితం

చింతలలంక,
10-11-1996

ప్రియమైన జ్ఞానమ్మక్కకు,

తుఫాను పోయి నాలుగు రోజులు. పడ్డ స్తంభాలు లేపేశాం. పైకెక్కి తీగలు కలపడమే మిగిలింది. ఇంజనీరు గారేమో "లైన్ ఆపాం, క్లియర్ అని మీ సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వస్తేనే ఎక్కాలి" అని కుర్చీ వేసుక్కూర్చున్నారు. ఫోన్ బతకాలంటే ఎక్స్‌చేంజికి కరెంటు కావాలి. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. బంకులో డీజిల్ ఉంది, తోడే పంపుకి కరెంటు లేదు. రోడ్డు నిండా కొబ్బరిచెట్లు. తీసే క్రేన్ని రాజమండ్రి నుంచి పిలవాలంటే మళ్లీ ఫోనే! అన్నీ ఒక్కసారే చచ్చాయి, ఒకదాని శవం ఇంకోటి మొయ్యాలట!

మంచినీళ్ల ట్యాంకు ఖాళీ. కాలవ నీళ్లు తాగి ఇరవై మందికి వాంతులు. నేను ఎక్కేస్తాను.

ఉత్తరం చేపల లోవమ్మ తెస్తుంది.

నీ తమ్ముడు,
శ్యాంబాబు

సబ్‌స్టేషన్,
10వ తేదీ

ఒరేయ్ శ్యామూ,

ఎక్కావంటే నీకు అక్క లేదనుకో. మీ బావా "ఐదు నిమిషాల పనే" అని ఎక్కాడు. ఇక్కడెవరో చూసుకోకుండా స్విచ్ వేశారు. ఆయన బదులు నాకిచ్చిన అటెండరు ఉద్యోగంలో రోజూ ఆ స్విచ్చే తుడుస్తున్నాను.

ఎల్లుండిలోగా ఎప్పుడైనా మాకు పెద్ద లైన్లో కరెంటు రావచ్చట. మా వీధులకీ మీకూ ఒకే లైను, ఒకే స్విచ్. అది రాగానే వెయ్యండి వెయ్యండని గేటు దగ్గర ఇప్పట్నుంచే జనం గోల. ఆపరేటర్ చిట్టియ్య గారు నిద్రలేక తూలుతున్నారు. నీళ్లు కాచి తాగండి.

జ్ఞానమ్మ

చింతలలంక,
11వ తేదీ

అక్కా,

దేంతో కాయమంటావు? పుల్ల పుల్లా తడిసింది. అమ్మకీ వాంతులు పట్టుకున్నాయి, లేవడం లేదు.

తొందరే బావని చంపిందంటావు. నేనొప్పుకోను. ఆ చివరి మాట ఈ చివరికి అందక చచ్చాడు. ఫోన్ పోతే మాటా పోవాలా? లోవమ్మ కాళ్లు బాగానే ఉన్నాయిగా! లైన్ ఆపామని చిట్టియ్య గారిచేత రాయించి, సంతకం పెట్టించి పంపు. అందాకా ఎక్కను, ఎవర్నీ ఎక్కనివ్వను. ఇంజనీరు గారు కూడా ఫోన్ బదులు కాగితం చాలన్నారు, నేను అరిచాక.

నీ కాగితం కోసం చూస్తూ,
శ్యాంబాబు

సబ్‌స్టేషన్,
12వ తేదీ

తమ్ముడికి,

చిట్టియ్య గారి కాగితం ఇందులోనే ఉంది, సంతకం చూసుకో. స్విచ్ పెట్టెకి తాళం వేయించాను. తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను.

పెద్ద లైన్ వచ్చేసింది. జనం గేటు తోసుకొచ్చారు. "అటెండరువి, నీకెందుకమ్మా? చెవి ఇచ్చెయ్" అంటున్నారు. "మా తమ్ముడు స్తంభం ఎక్కుతాడండి. దిగానని రాసి పంపితే ఇస్తాను" అన్నాను. పెట్టెకి వీపు ఆనించి కూర్చునే ఇది రాస్తున్నాను.

దిగాక నీ చేత్తో రాయి. ఇంకెవరి రాత వచ్చినా ముడి విప్పను.

ఎక్కు.

నీ అక్క,
జ్ఞానమ్మ