గవాక్షం మూసిన గది

మెట్‌పల్లి,
12-12-1965, ఆదివారం.

ప్రియమైన మొగిలికి, నీ బావ అంబదాస్ ఆశీర్వదించి వ్రాయునది.

సంగతులు జరిగిన వరుసలోనే వ్రాస్తున్నాను.

1. భాద్రపదం వానలకు మా లోపలి గదిలోని గోడపొయ్యి మీది పొగగొట్టం కూలింది. మా తాత కట్టించినది. ఇటుకలు అరవై రెండు. పనికివచ్చేవి పదకొండు.

2. తాపీమేస్త్రీ లచ్చయ్య దీపావళికి గానీ వచ్చి చూడలేదు. ‘గిది బాగయ్యేది కాదు అంబదాసన్నా, మొత్తం పీకి కొత్తది కట్టాలె’ అన్నాడు. కొత్త గోడ ఆరడానికి నెల పడుతుంది. పురిటికి అంత వ్యవధి లేదు. పొయ్యి తీసేసి, ఆ చోటు పూడ్పించి, నూనె డబ్బా కోసి నేనే ఒక ఇనుప కుంపటి చేశాను.

3. కార్తీకంలో నీ భార్య, అంటే నా చెల్లెలు బాలలక్ష్మి, పురిటికి వచ్చింది.

4. 9వ తేదీ గురువారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని పోశవ్వ. తల్లీబిడ్డా క్షేమం. పిల్ల ముక్కు నీది. ఈ విషయంలో ఎవరూ చేయగలిగింది లేదు.

మా అవ్వ ఇదే గదిలో బాలలక్ష్మిని కని, తొమ్మిదో రోజున చలిగాలి తగిలి సన్నిపాతంతో పోయింది. అప్పుడు నా వయసు ఇరవై రెండు. గోడకు పైన ఉన్న గవాక్షాన్ని ఆ రోజు ఎవరూ మూయలేదు. పసిగుడ్డును నేను పెంచాను. ఈసారి ఆ పొరపాటు జరగనివ్వను.

కట్టెల పొగ పిల్ల కళ్లకు మంచిది కాదు. గనిలో మీకు ఇచ్చే బొగ్గులోంచి ఒక బస్తా పంపించగలవు.

సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు.
ఆశీస్సులతో,
కొక్కుల అంబదాస్


నస్పూర్,
15-12-1965.

ప్రియమైన బావకు, మొగిలి దండాలు పెట్టి రాసేది.

జాబు అందింది. బిడ్డ పుట్టిందని సదివి షిఫ్టుకు పోతూ పోతూ కనవడ్డోనికల్ల చెప్పిన. మా రాయమల్లు అయితే ‘ముక్కు నీదైతే దానికి పెండ్లెట్ల చేస్తవురా’ అని ఒకటే నవ్వుడు.

బస్తా బొగ్గు లారీల ఏసిన. రాయి లేకుండ నా చేతులతోటి ఏరిన. కానీ బావా, బొగ్గు కట్టె కాదు. జర నా మాట ఇను. వాకిట్ల అంటువెట్టి, ఎర్రగైనంకనే లోపలికి తేవాలె. తెచ్చినంక గవాచి తెరిచే ఉంచాలె. దాని గాలి కంటికి కనవడదు, వాసన రాదు. నిద్రలనే మనిషిని తీస్కపోతది. మాతోటి పనోడు అంజన్న బొగ్గుబాయిల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు, చేతిల రొట్టె చేతిలనే ఉండె.

మేం బాయిల దీపం చూసుకుంట పని చేస్తం. దీపం చిన్నగైతే అన్నీ ఇడిచి ఉరుకుతం. నువ్వు కూడ నేల మీద దీపం పెట్టు. చిన్నగైతే తలుపు తియ్యి.

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటోనాడు, తొట్లెల ఏసే పండుగకు వస్త. సెలవు అడిగిన. బిడ్డకు ఎర్ర టోపి కొన్ననని లచ్చిమికి చెప్పు.

నీ
మొగిలి


మెట్‌పల్లి,
19-12-1965, ఆదివారం.

ప్రియమైన మొగిలికి ఆశీస్సులు.

బొగ్గు అందింది. నీ ఉపదేశమూ అందింది. మగ్గం గుంటలో కాళ్లు నిలవక బొగ్గు గుంటలో దిగినవాడు, గాలి గురించి సాలెవానికి పాఠం చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటాను. పొడిగాలి తగిలితే పోగు తెగుతుంది. అందుకే మన ఇళ్లలో మగ్గం ఉన్నచోటికి గాలి రానివ్వరు. మీ బాపు బతికి ఉంటే నీకు ఈ మాట గుర్తు చేసేవాడు. పోగుకే అంత జాగ్రత్త ఉంటే, పది రోజుల పసిగుడ్డుకు ఉండవద్దా?

నేను చేసిన ఏర్పాట్లు ఇవి.

1. గవాక్షాన్ని మట్టీ పేడా కలిపి మూశాను. దాని మీద నూలుకు పెట్టే గంజితో గుడ్డ అతికించాను. అగరుబత్తి వెలిగించి పరీక్షించాను. పొగ నిట్టనిలువుగా లేచింది.

2. తలుపు సందుల్లో పాత నూలు దట్టించాను.

3. బొగ్గును వాకిట్లో ఎర్రబడనిచ్చి లోపలికి తెస్తున్నాను. పొగ బొత్తిగా లేదు. పొగే లేనప్పుడు ప్రమాదం ఎక్కడిది?

4. నీ మాట తీసివేయడం ఎందుకని నేల మీద దీపం కూడా పెట్టాను. శుక్రవారం రెండుసార్లు కొడిగట్టింది. పరిశీలిస్తే వత్తి పాతది. కొత్త వత్తి వేసి, నూనె పోసి, దీపాన్ని పై గూట్లో పెట్టాను. ఇప్పుడు బాగానే వెలుగుతున్నది.

5. బాలలక్ష్మికి నిన్న తలనొప్పి, ఒకసారి వాంతి. పోశవ్వ బాలెంత పైత్యం అన్నది. ‘అన్నా, జర గవాచి తియ్యి, ఊపిరాడ్తలేదు’ అని గునిసింది. ‘బాయిల ఉన్నది నీ మొగుడా, నువ్వా?’ అన్నాను. నవ్వింది.

ఇరవై ఒకటో రోజున వచ్చి చూడు. మెట్‌పల్లిలో ఇంత వెచ్చని గది ఇంకొకటి లేదు.

ఉదయం 9 గంటల 30 నిమిషాలు.
ఆశీస్సులతో,
కొక్కుల అంబదాస్


నస్పూర్,
21-12-1965.

ప్రియమైన బావకు, మొగిలి కాళ్లు మొక్కి రాసేది.

అది వత్తి కాదు బావా. తలనొప్పి పైత్యం కాదు. నీ జాబు ఇప్పుడే సదివిన. తంతి కొడుదామని మంచిర్యాలకు ఉరికితే తీగ తెగిందన్నరు. సెలవడిగితే తొట్లె నాటికే అన్నరు. లారీ దశరథం ఎల్లుండి మెట్‌పల్లి దిక్కు వస్తుండు, ఆయన చేతికి ఇస్తున్న.

ఈ జాబు అందిన నిమిషమే గవాచి పగులగొట్టు. గవాచి తీసినంకనే తక్కిన పని. చలికి మనిషి ఆగుతడు, దీనికి ఆగడు. మగ్గం ఇడిచినోడని నన్ను నలుగురిల తిట్టు, పడ్త. గవాచి మాత్రం తియ్యి. ఇంతకన్న అడగ.

నీ
మొగిలి


నస్పూర్,
27-1-1966.

బావకు మొగిలి రాసేది. ప్రియమైన అని రాద్దామంటే నాకు మొకం చెల్తలేదు.

నెల దాటింది. తల్లిని బిడ్డను ఒక్క కాడనే మట్టి చేసినం. నా బిడ్డ మొకం నేను చూసింది గప్పుడే. టోపి పెట్టింది గూడ గప్పుడే. టోపి జర పెద్దగైంది.

దినాల నాడు నువ్వు నలుగురిల లేచి నన్ను చూపించి, ‘వీడు పంపిన బొగ్గే తల్లీబిడ్డను తిన్నది’ అన్నవు. పోశవ్వ దోసెడు మన్ను తీసి నా మీద చల్లింది. ఎట్ల కాదందు? వచ్చిననాడు పైకి చూస్తే గవాచి తెరిచే ఉండె. అంటే నువ్వు నా మాట ఇన్నవు. ఇన్నా గూడ పోయిన్రు. తప్పు గవాచిది కాకపోతే బొగ్గుదే గదా. ఏరింది నేనే గదా.

అప్పటిసంది ఇంట్ల పొయ్యి అంటువెడ్తలేను. రాయమల్లు ఇంటి నుంచి రొట్టె వస్తది. వేములవాడ గుడికి పోయి రాజన్నకు మొక్కు కింద కోడెను కట్టిన. కట్టి తిరుగుతుంటె గూడ గవే నల్ల బొగ్గుపెడ్డలు కండ్లల్ల మెదిలినయి.

ఒక్క ముచ్చట చెప్పు బావా. దశరథాన్ని అడిగితే ‘ఇచ్చిన, పొద్దుగాల్నో పొద్దూకినంకనో యాదిలేదు’ అన్నడు. నా జాబు నీకు ఎప్పుడు అందింది? నువ్వు అన్నిటికి గంట రాసేటోనివి. ముందుగాలనే అంది, గవాచి తీసినంక గూడ పోయిన్రంటే, నేను బాయి పని ఇడిచిపెడ్త. మళ్ల బొగ్గు ముట్ట. అది చెప్తే చాలు.

మొగిలి


మెట్‌పల్లి,
2-2-1966, బుధవారం.

మొగిలికి,

నువ్వు గంట అడిగావు. తప్పు వివరం నా పేరు మీద నిలవడం నాకు ఇష్టం లేదు. 23వ తేదీ గురువారం జరిగినది జరిగిన వరుసలో ఇది.

8 గంటలు. తల్లికీ బిడ్డకూ నీళ్లు పోశారు. సాంబ్రాణి వేశారు. నేను కుంపటి లోపల పెట్టి తలుపు వేసి, సందుల్లో నూలు దట్టించాను.

10 గంటల 15 నిమిషాలు. దశరథం లారీ ఆగింది. నీ జాబు నా చేతికిచ్చాడు. నిలబడే చదివాను. ‘గవాచి’ అన్నచోటనల్లా పెన్సిలుతో ‘గవాక్షం’ అని దిద్దాను. మూడు చోట్ల. తరువాత ఉత్తరాల తీగకు గుచ్చాను.

10 గంటల 25 నిమిషాలు. ‘ఎవరొచ్చిండ్రన్నా?’ అని లోపలి నుంచి బాలలక్ష్మి అడిగింది. గొంతు మత్తుగా ఉంది. నీ జాబు వచ్చిందన్నాను. ‘ఏం రాసిండు?’ అన్నది. ‘క్షేమం అడిగిండు’ అన్నాను. ‘గంతేనా’ అన్నది. తరువాత మాట వినపడలేదు. నేను మగ్గంలో కూర్చున్నాను.

1 గంట 5 నిమిషాలు. పోశవ్వ గంజి తెచ్చి తలుపు తీసింది. బిడ్డ తల్లి చంకలోనే ఉంది. ఇద్దరి బుగ్గలూ ఎర్రగా ఉన్నాయి. పోశవ్వ ముందు నిద్ర అనుకున్నది.

1 గంట 20 నిమిషాలు. పోశవ్వ అరుచుకుంటూ వాడలోకి పోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నిచ్చెన వేసి గవాక్షం పగులగొట్టాను. మట్టిపెళ్లలు, గంజిగుడ్డ ఏరి మగ్గం గుంటలో పోశాను. జనం వచ్చేసరికి చేతులు కడుక్కున్నాను.

నువ్వు తెరిచి చూసిన గవాక్షం అది. నీ బొగ్గులో ఏ దోషమూ లేదు. మిగిలిన సగం బస్తా నేను వెదికి చూశాను. ఒక్క రాయి కూడా లేదు.

దినాల నాడు ఆ మాట అనకపోతే, తరువాత నావైపు చూసేవాళ్లు. నువ్వు వేరే ఊరివాడివి, ఎటూ వెళ్లిపోయేవాడివి. అప్పుడు అలా అనిపించింది. ఈ జాబు నలుగురికీ చూపించుకో. అందుకే పూర్తి పేరు పెడుతున్నాను.

ఇంకొక్క సంగతి. గవాక్షం పగిలినప్పటి నుంచి లోపలి గది గాలి మగ్గం దాకా వస్తున్నది. రోజుకు పది పన్నెండు పోగులు తెగుతున్నాయి. నిన్న మళ్లీ మూశాను.

మధ్యాహ్నం 1 గంట 5 నిమిషాలు.
కొక్కుల అంబదాస్