పంతొమ్మిదో నంబరు పాట

నిజామాబాద్ కోటగల్లి నివాసి, కీర్తిశేషులు ఆడెపు నర్సయ్య కుమారుడు, డెబ్బై ఒక్క ఏండ్ల వయసు, టేపురికార్డర్లు బాగుచేయడం వృత్తిగా గల ఆడెపు ఆశన్న అను నేను, మనసు నిమ్మళంగా, తెలివి తేటగా ఉన్నప్పుడు, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి మాటా వినకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. ఎవరి మాటా వినలేదన్నది అక్షరాలా నిజం. మూడేండ్ల కింద నా రెండు చెవులూ పూర్తిగా పోయినవి. నలభై ఐదేండ్లు ఊరందరి పాటలు బాగుచేసినవాడికి దేవుడు మంజూరు చేసిన పెన్షన్ అది.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీని అమలు బాధ్యత నా కూతురు స్నేహలతకు అప్పగించుచున్నాను. కోపిష్టి మనిషి గనుక పని ఆగదు. ఇల్లు, సామాను పంచడానికైతే ఇంత కాగితం అక్కరలేదు. ఒక పాట దొరకక రాస్తున్నాను, ఆ సంగతి ఆరో అంశంలో ఉన్నది.

1. కోటగల్లిలోని రెండు గదుల రేకుల ఇల్లు నా భార్య గోదావరికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె తదనంతరం స్నేహలతకూ, కొడుకు రాజేష్‌కూ సమానంగా. ఇందులో మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

2. బస్టాండు దగ్గరి నా దుకాణం కిరాయిది. అందులోని పనిముట్లన్నీ పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే బాలన్నకు. నా భూతద్దం ఇప్పటికే ఆయన దగ్గర ఉన్నది. తిరిగి ఇవ్వమని ఇక అడగను, కంటి మీద నుంచి తీసి తుడుచుకొమ్మని మాత్రం మనవి.

3. నల్ల అట్ట నోటుబుక్కు స్నేహలత కూతురు హర్షిణికి. వస్తువులను మనుషులకు పనికొచ్చేటట్టు ఎట్లా తయారుచేయాలో ఆమె కాలేజీలో చదువుతున్నది. పాటల పెట్టెలు చేసిన కంపెనీలవాళ్లకు తెలియనివి, వాటిని వాడినవాళ్లు నాతో చెప్పినవి అందులో ఉన్నవి.

మొదటి పేజీలు బోధన్‌వి. నాకప్పుడు ఇరవై ఆరేండ్లు. చక్కెర ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా చిన్న డబ్బా పెట్టుకున్నాను. చెరుకు బండ్లు తూకం కోసం రెండేసి రోజులు వరుసలో నిలబడేవి. బండివాళ్లు కాడికి టేపురికార్డరు వేలాడదీసుకుని, చెరుకు నమిలిన చేతులతోనే బటన్లు నొక్కేవారు. ఆ బంకకు నొక్కిన బటన్ మళ్లీ పైకి లేచేది కాదు. ఒకసారి మూత తీస్తే క్యాసెట్టు చక్రం మీద చీమలు కూర్చుని తిరుగుతున్నవి. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి మళ్లీ వేసేవారు. అప్పుడు పాట సాగి సాగి, నీళ్లలో నుంచి వచ్చినట్టు వచ్చేది, ఆడగొంతు మగగొంతు అయ్యేది. ఎద్దులు మాత్రం ఏ తేడా లేకుండా తలలూపేవి.

చెవులు పోయాక నాకు ఆ సాగిన పాటే కలలో వస్తున్నది. మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు. బోధన్ రోడ్డు పొడుగునా బండ్లు, ప్రతి కాడికీ ఒక పెట్టె, అన్నిట్లో ఒకే పాట, ఒకదాని వెనక ఒకటి కొంచెం ఆలస్యంగా. గాలి నిండా చెరుకుమడ్డి వాసన. లేచి కూర్చుంటే వాసన ఇంకా ఉంటుంది, పాట ఉండదు. చాలాసేపు దుఃఖంగా ఉంటుంది.

హర్షిణీ, ఆ బుక్కులో ఇట్లాంటివి ఉంటాయి: "దుప్పటి కింద బటన్ దొరుకుత లేదన్నా." "సౌండ్ తగ్గియ్యవోతె పాట మారుతుంది." "గా సిన్న అక్షరాలు నాకు కనవడయి, సూడకుండ నొక్కేటట్టు సెయ్యి." ఈ చివరి మాట అన్నది పేరు తెలియని ఒక ముసలాయన. దానిమీద నేను ముప్పై ఏండ్లు ఆలోచించాను. నువ్వు కూడా కొంత ఆలోచించు.

4. అద్దాల బీరువాలోని పనిచేయని ఇరవై ఎనిమిది చిన్న పాటల పెట్టెలు, పసుపు మార్కెట్ యార్డు దారిలో ఫోన్ల దుకాణం నడుపుతున్న నా కొడుకు రాజేష్‌కు. పదేండ్ల కింద నలుగురిలో "బాపూ, ఇగ నీ డబ్బాలు ఎవలు ఇంటరు? అన్ని ఫోన్లనే ఉన్నయి" అన్నాడు. నిజం కాబట్టే ఎక్కువ తగిలింది. పోయిన ఫిబ్రవరిలో యార్డులో బస్తాలు మోసే ఒకాయనను వాడే నా దగ్గరికి పంపాడు. పసుపు పట్టిన వేళ్లతో ఎంత రుద్దినా ఫోను అద్దం పలకడం లేదట. నేను ఇయర్‌ఫోను తీగకు గట్టి బటన్ ఒకటి కట్టి ఇచ్చాను. ఆయన చేతికిచ్చిన చీటీలో రాజేష్ "బాపూ, ఇది నాకు రాదు" అని రాశాడు. ఆ చీటీ బీరువా కింది అరలో ఉన్నది. నా కోపం ఆ తేదీ నుంచి రద్దు చేయడమైనది.

5. స్టీలు టిఫిన్ డబ్బాలో అమర్చిన పాటల పెట్టె, కాలి మీటతో సహా, గోదావరికి. మొదటినుంచీ ఆమెదే, అయినా రాస్తున్నాను.

గోదావరిలాగా బీడీలు చుట్టేవాళ్లకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. బటన్ నొక్కాలంటే పని ఆపాలి, నొక్కితే తంబాకు దుమ్ము లోపలికి పోతుంది. రెండు వేల పదిలో ఒకనాడు చూస్తూ కూర్చుంటే, ఒక కాలు మడిచి ఒకటి చాపుకున్న ఆమె ఒంట్లో పనిలేనిది ఎడమకాలి బొటనవేలు ఒక్కటే అని తోచింది. దానికీ పని చెప్పాను. చెక్కముక్క మీద కాలింగ్ బెల్ మీట, మీటకు తీగ, తీగ చివర డబ్బా. ఒకసారి తొక్కితే పాట ఆగుతుంది, మళ్లీ తొక్కితే సాగుతుంది. గబగబా రెండుసార్లు తొక్కితే అదే పాట మొదటినుంచి వస్తుంది. ఇంకేమీ లేదు. మూత చిల్లులకు లోపలివైపు ఆమె పాత చీర ముక్క. నా జన్మలో నేను చేసిన మంచి వస్తువు అదొక్కటే.

అందులో ముప్పై ఏడు పాటలు ఉండేవి, ఎప్పుడూ ఒకే వరుసలో. నాకు చెప్పకుండానే గోదావరి వాటిని లెక్కకు వాడుకున్నది. ఆమె చేతివేగానికి మూడు పాటలు అయ్యేసరికి ఇరవై ఐదు బీడీలు, అంటే ఒక కట్ట. లెక్క పాటలకు అప్పజెప్పి మనసును ఎటో పంపించేసేది. అప్పుడు ఆమె ముఖం చూస్తే మనిషి ఇంట్లో లేనట్టే ఉండేది, నాకు చూడ ముచ్చటగా ఉండేది.

రెండు వేల పద్నాలుగులో నేను దాన్ని బాగుచేశాను. బాగున్నదాన్ని బాగుచేయడం మా మెకానిక్కుల జబ్బు. పాతవి తుడిచేసి, రెండు వేల పాటలు నింపి, ప్రతిసారీ వరుస మారేటట్టు పెట్టి, గొప్పగా తెచ్చి ఇచ్చాను. వారం తిరగకుండా ఒక కట్టలో ఇరవై నాలుగు, ఒక కట్టలో ఇరవై ఆరు. కార్ఖానాలో అందరి ముందు కట్టలు విప్పించి తిప్పి పంపారు. "గిన్ని పాటలు నాకెందుకు? నా లెక్క పోయింది. నాది నాకియ్యి" అంది. తుడిచింది తిరిగి రాదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అయి, కష్టం విలువ తెలియని మనిషివని తిట్టాను. ఆమె డబ్బాను గుడ్డలో చుట్టి అటక ఎక్కించింది. పదకొండేండ్లుగా పాట లేకుండానే చుట్టుతున్నది. తప్పు నాది. ముఖం చూసి చెప్పలేక కాగితానికి చెబుతున్నాను.

6. చెవులు పోయాక ఆ పాత వరుసను జ్ఞాపకం మీద తిరిగి రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఆరు దొరికాయి. పద్దెనిమిది పాటలకు ఆరు కట్టలు, మళ్లీ పద్దెనిమిదికి ఆరు. నడుమ పంతొమ్మిదో చోట ఏముండేదో నాకు జ్ఞాపకం రావడం లేదు. గోదావరిని అడిగితే "గిప్పుడు గదెందుకు" అన్నదని హర్షిణి రాసి చూపింది. కాబట్టి నా తదనంతరం హర్షిణి ఆ పాట ఏదో ఎట్లాగైనా రాబట్టి, వరుస పూర్తిచేసి, డబ్బాను గోదావరి కాలి దగ్గర పెట్టవలెను. అది జరిగేదాకా ఈ వీలునామా అమలైనట్టు కాదు. ఆ తర్వాత దాన్ని ఎవరూ బాగుచేయరాదు.

తరువాత చేర్చినది. ఆరో అంశం నేను బతికుండగానే అమలైపోయింది. ఎట్లా అయిందో రాయకుండా దాన్ని కొట్టివేయడం న్యాయం కాదు.

సంతకానికి ముందు హర్షిణి ఈ కాగితాన్ని గోదావరికి చదివి వినిపించింది, ఆమెకు చదువు రాదు. ఐదో అంశం దగ్గర ఆమె ఆకు కత్తిరించడం ఆపింది. ఆరో దగ్గర ఏదో అన్నది. హర్షిణి రాసి చూపింది: "తాతా, అమ్మమ్మ అంటుంది, గది పాట గాదు, నువ్వేనట."

డబ్బా చేసిన నాడు, సగం పాటలు ఎక్కించాక, డబ్బాలోని మైకు పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక ముక్క మాట్లాడాను. తీసేయడం మరిచాను. "ఒకటి, రెండు, మూడు. గోదావరీ, ఇనవడుతుందా?" ఆరు కట్టలు కాగానే అది వచ్చేదట. ఆమె "ఆఁ, ఇనవడుతుంది" అని చాట దించి, నడుము చాపి, నీళ్లు తాగేదట. నాలుగేండ్లు, రోజూ. నేనప్పుడు దుకాణంలో ఉండేవాణ్ణి. నేను తుడిచింది అది.

నిన్న అటక మీది నుంచి డబ్బా దించాం. హర్షిణి ముప్పై ఆరు పాటలూ ఎక్కించింది. పంతొమ్మిదో చోట నేను మళ్లీ మాట్లాడాను, అవే మాటలు. గొంతు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. గోదావరి కాలు చాపుకుని కూర్చుంది. పంతొమ్మిదోది వచ్చిందని హర్షిణి సైగ చేయగానే నేను మూత మీద వేళ్లు ఆనించి, అది వణికినంతసేపూ ఉంచాను. వణుకు ఆగింది. ఆమె పెదవులు కదిలాయి, ఏమన్నదో నాకు తెలిసింది. తర్వాత ఆమె బొటనవేలు మీట మీద రెండుసార్లు పడింది.

నిజామాబాద్, 2025 నవంబరు 14.

(సంతకం) ఆడెపు ఆశన్న

సాక్షులు: 1. బాలన్న, గడియారాల దుకాణం. 2. సుష్మ, పక్కింటివారు.

చదవగా విన్నది: ఆడెపు గోదావరి, వేలిముద్ర. కాలిది వేస్తానన్నది, చేతిదే వేయించాం.