కార్టులో పదకొండు మొక్కలు

చిరంజీవి తమ్ముడికి,

మట్టిచేతులు కడుక్కుని మరీ అక్క రాస్తున్న ఉత్తరం. మొన్న వచ్చి మన మొక్కల కొట్టుని ఫోన్లోకి ఎక్కించి వెళ్లావు, సంతోషం. ఊరవతల కొత్త రోడ్డు పడ్డాక మన వీధి మొహం చూసేవాళ్లే లేరు. ఈ ఆన్‌లైన్ బేరాలైనా గట్టెక్కించకపోతే ఏడాది తిరిగేసరికి కొట్టు మూసుకోవాల్సిందే. కానీ ఫోన్లో నువ్వు గడగడా చెబుతుంటే నాకు ఒక్క ముక్క ఎక్కదు. కాగితం మీద రాసి పంపు, గోడకి అంటించుకుంటాను.

డబ్బులు గేట్‌వేలోంచి వస్తాయన్నావు కదా. మీ బావ గేటుకి నూనె రాసి, పక్కనే కుర్చీ వేసుకుని మూడు రోజులుగా కాపలా కాస్తున్నారు. ఇంతవరకూ పిల్లి తప్ప ఎవరూ రాలేదు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని ఇవాళ గేటు దగ్గర మంచం వేయించుకున్నారు.


అక్కకి నమస్కారాలు.

ముందు బావగారిని మంచం మీంచి లేపు. గేట్‌వే అంటే మన గేటు కాదు. కొన్నవాళ్లు కట్టిన డబ్బు నీ బ్యాంకు ఖాతాకి చేరే దారి. కంటికి కనపడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఖాతా కలిపేటప్పుడు ఫోనుకి ఆరంకెల ఓటీపీ వస్తుంది. దాన్ని ఎవరికీ చెప్పకు. ఎవరు ఎంత తియ్యగా అడిగినా సరే, చెప్పకు. గోడకి అంటించేటప్పుడు ఈ ముక్క పైకి వచ్చేలా అంటించు.

ఉంటాను,
తమ్ముడు

తా.క.: డబ్బుల కోసం ఆ పిల్లి మీద ఆశ పెట్టుకోవద్దని బావగారికి చెప్పు.


చిరంజీవి తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఓటీపీ వచ్చింది. వెంటనే ఫోనే "ఓటీపీ నమోదు చేయండి" అని అడిగింది. నేను చెబుతానా! పదిసార్లు అడిగి, విసిగి, ఊరుకుంది.

అసలు బెంగ వేరే ఉంది. నాలుగు రోజులుగా రోజూ పొద్దున్నే ఫోన్లో ఒకటే వార్త: "మీ కస్టమరు పదకొండు మొక్కలు కార్టులో వదిలేశారు" అని. గులాబీలు, జాజి, మందారం, రోజూ అవే. ఎండలో బండి మీద వదిలేస్తే మాడిపోవూ? నీళ్ల డబ్బా పట్టుకుని నాలుగు వీధులూ గాలించాను. కూరగాయల బండి వెతికాను, ఐస్‌క్రీం బండి మూత తీసి చూశాను. ఎక్కడా లేవు. వదిలేసినవాళ్లకి మనసెలా ఒప్పిందిరా?

ఇట్లు,
కాళ్ల నొప్పులతో అక్క

తా.క.: ఐస్‌క్రీం బండాయన కోప్పడలేదు. మూత తీసినందుకు రెండు కొనిపించాడు.


అక్కకి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వాపుకోలేక మెట్ల మీదికి పారిపోయాను. ఓటీపీ మనుషులకి చెప్పకూడదు గానీ, మన దుకాణం పేజీ అడిగితే నువ్వే అందులో కొట్టాలి. కార్టు అంటే బండి కాదు. కొనాలనుకున్నవాళ్లు ఏరుకుని పక్కన పెట్టుకునే చోటు. నీ మొక్కలన్నీ నీ కొట్లోనే చల్లగా ఉన్నాయి.

కానీ రోజూ అవే మొక్కలు ఏరి వదిలేస్తున్నారంటే వాళ్లు కొనేవాళ్లు కాదు. ఎవరో పోటీ కొట్టువాళ్లు మన రేట్లు కనిపెడుతున్నారు. వాళ్ల నంబరు పేజీ అడుగున ఉంది. తీరిక దొరగ్గానే నేను దాన్ని బ్లాక్ చేసేస్తాను. నువ్వు మాత్రం ఫోన్ చేసి తిట్టకు.

ఉంటాను,
తమ్ముడు

తా.క.: నీ సంగతి తెలుసు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఫోన్ చెయ్యకు.


చిరంజీవి తమ్ముడికి,

బ్లాక్ చెయ్యకు! చేసేసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి, ముందు అది తీసేసి రా.

ఓటీపీ కొట్టేశాను. నువ్వు వద్దన్నావు కాబట్టి ఫోనూ చేశాను. నేనిక్కడ నంబరు నొక్కగానే ఎదురింట్లో ఫోను మోగింది. పెట్టేస్తే ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ మోగింది.

ఎదురింట్లో మట్టి కుండీలమ్మే ఆవిడ నీకు గుర్తుండే ఉంటుంది. ఆరేళ్ల కిందట, తన కుండీలు నాసిరకమని నేనెవరితోనో అన్నానని ఆవిడ వీధిలో పెద్ద రభస చేసింది. అన్నాన్లే, నిజమే. ఆనాటి నుంచి మాటల్లేవు.

చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటాను. మనిషి మంచం మీద ఉంది, కాలికి కట్టు. మెట్ల మీంచి జారిపడి రెండు నెలలైందట. ఎదురుగా ఉండీ నాకు తెలియలేదు, చూశావా!

"ఆ పదకొండు మొక్కలూ నువ్వేనా?" అన్నాను.

"నేనే వదినా."

"మరి కొనవేం?"

"డబ్బు కట్టేముందు అడ్రసు అడుగుతోంది. రాస్తే నేనని తెలిసిపోదూ? నీ గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లక, ఫోన్లోనే నీ కొట్టంతా తిరిగొస్తున్నాను. నచ్చినవి ఏరుకుని, కాసేపు నావే అనుకుని, వదిలేస్తున్నాను."

మంచం అంచున కూర్చున్నాను. "నీ కుండీలు నాసిరకం కాదే" అన్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చి, ఆకలేసి ఆపేశాం.

సోమవారం నుంచి నా మొక్కలు ఆవిడ కుండీల్లో అమ్ముతున్నాం. ఫోను తన చేతికే ఇచ్చేశాను. మంచం మీంచే చకచకా నడిపిస్తోంది. ఈ వారం తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. కొట్టు ఇప్పట్లో మూయనక్కర్లేదురా. ఇక నువ్వు పాఠాలు రాయక్కర్లేదు. ఉత్తరాలు మాత్రం మానకు.

ప్రేమతో,
అక్క

తా.క.: ఆ పదకొండూ మీ బావా నేనూ మోసుకెళ్లి ఇచ్చాం. ఊరికే తీసుకోనని పట్టుబట్టి ఆన్‌లైన్లోనే డబ్బు కట్టింది. కింద అభిప్రాయం కూడా రాసింది: "మొక్కలు బంగారం. డెలివరీ మాత్రం ఆరేళ్లు ఆలస్యం." నాలుగు నక్షత్రాలే ఇచ్చింది. ఐదోదాని కోసం ఇప్పుడే వెళ్తున్నాను.