మోడం అని రాసిన పేజీ

14 జూన్ 2006
బడులు తెరిచారు. నా బడి ఉన్న బత్తలపల్లెకు బస్సులో నిలబడే వెళ్ళాను, నిలబడే వచ్చాను. ధర్మవరంలో దిగి ఇంటికి పోకుండా మస్తాన్ నెట్ సెంటర్‌కి. వేసవి సెలవుల్లో పట్టుకున్న అలవాటు, ఇక వదిలేలా లేదు. మౌస్ ఇప్పుడు చెప్పిన మాట వింటోంది. మొదట్లో ఆ బాణం గుర్తు ఎప్పుడూ ఓ మూలకు పోయి దాక్కునేది.

16 జూన్
చాటింగ్ అంటే ఏమిటో చూద్దామని దూరాను. ఎవరో వయసు, ఊరు అడిగారు. నలభై మూడు, ధర్మవరం, తెలుగు టీచరు అని కొట్టాను. అంతే. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. చివరి గంట కొట్టినా క్లాసు ఇంత త్వరగా ఖాళీ కాదు.

21 జూన్
తెలుగు! స్క్రీన్ మీద తెలుగు!
ఇన్నాళ్ళూ తెలుగు పేజీ తెరిస్తే వరసగా ఖాళీ డబ్బాలే కనిపించేవి. ఇవాళ మస్తాన్ ఏదో సీడీ పెట్టి, మిషన్ ఆపి, మళ్ళీ వేశాడు. డబ్బాలన్నీ అక్షరాలైపోయాయి. ఇంగ్లీషు మీటలతో అమ్మ అని కొడితే అమ్మ అనే వచ్చింది, ఒత్తుతో సహా. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్న అక్షరాలే కదా... కళ్ళు ఎందుకు తడిశాయో.
"ఏమైనాది టీచరమ్మా, షాక్ కొట్టిందా?" మస్తాన్ కంగారు.

27 జూన్
మా అత్తను కంటి డాక్టరుకు చూపించి వస్తూ, ఎండ తట్టుకోలేక నెట్ సెంటర్లో ఫ్యాను కింద కూర్చోబెట్టాను. మస్తాన్ తల పట్టుకుని ఉన్నాడు.
"మోడెం పోయినాది టీచరమ్మా. ఈ పొద్దు నెట్ లేదు."
అత్త అందుకుంది. "మోడం పోతే ఇంకేం వానప్పా! నేను పొద్దన్నే మిద్దెక్కి చూసినా. పడమట ఇంత మోడం గూడా లేదు."
మస్తాన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అత్త మొహం చిన్నబోయింది. నువ్వు మోడం అంటే మబ్బు అనుకున్నావు, అతను చెప్పేది నెట్ తెచ్చే ఆ పెట్టె సంగతి, దాని పేరూ దాదాపు అదే అని చెప్పాను. ఆ నల్ల పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.
"నా మోడమే మేలు. పోయినా మళ్లా దానంతట అదే వస్తాది, ఎవుర్నీ పిల్చే పన్లేదు."

2 జూలై, ఆదివారం
బ్లాగు తెరిచాను. పేరు — మోడం. మొదటి పేజీలో ఆ రోజు జరిగిందే రాశాను. కింద అత్త చెప్పిన వాన మాటలు. నేల తడిసీ తడవకుండా పడితే తుంపర. మడక, అదే నాగలి, సాగేంత పడితే దుక్కి పదును. విత్తనం వేసేంత పడితే ఇత్తనం పదును. మాటలన్నీ ఆవిడ అన్నట్టుగానే.
గుంతకల్లు నుంచి ఈయన వచ్చారు. అంతా విని —
"ఎవరు సరిచూస్తారు?"
"ఎవరూ చూడరు. నేనే రాస్తా, నేనే వేస్తా."
"మరి దాన్నెవరు నమ్ముతారే?"
ఆయన పనిచేసే రైల్వేలో ప్రతి కాగితానికీ పైవాడి సంతకం కావాలి. ఆయన బెంగ అది. నాకు నచ్చింది కూడా అదే. ఎర్ర పెన్ను లేని చోటు.

9 జూలై
ఇంటర్నెట్లో రేపు మాకు వాన అని ఉంది. మబ్బు బొమ్మ, కింద చుక్కలు. అత్తకు చెప్పాను. మిద్దెక్కి గాలికి మొహం పెట్టి ఓ నిమిషం నిలబడింది. "రాదు."

10 జూలై
రాలేదు.

18 జూలై
నాలుగు కామెంట్లు! అనంతపురం ఆయనొకరు "మా అవ్వ మాటలు" అన్నారు. మిగతా ముగ్గురు బాగుంది, బాగుంది, బాగుంది. ముఖం తెలియని మనిషి బాగుందంటే ఇంత పొంగిపోవాలా? పొంగిపోయాను. బస్సులో కూడా నవ్వుకుంటూ...
రాత్రి అన్నాల దగ్గర అత్తకు చదివి వినిపించాను. ఆవిడ వెంటనే ఇంకో పది మాటలు చెప్పింది. నోటుబుక్కు తెచ్చుకునే లోపే సగం జారిపోయాయి. "నిదానమే. నేను యాడికీ పోను" అంది.

4 ఆగస్టు
భాషాప్రియుడు అని పేరు పెట్టుకున్న ఒకాయన రాశాడు. మోడం తెలుగు కాదట, కన్నడ ముక్కట. "తెలుగు రాయడం రాకపోతే రాయడం మానండి. ఉపాధ్యాయిని అంటున్నారు, మీ పిల్లలను తలచుకుంటే జాలి వేస్తోంది."
ఇల్లు చేరేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి.

5 ఆగస్టు
రేపు ఇదే హెడ్మాస్టరు చూస్తే? ఇన్‌స్పెక్షన్‌కొచ్చే వాళ్ళు చూస్తే? పిల్లలు ఉండాది అని రాస్తే నేనే కదా ఉన్నది అని దిద్దేది.

6 ఆగస్టు
మార్చేశాను. మోడం తీసి మేఘం. ఇత్తనం తీసి విత్తనం. అత్త మాటలన్నీ పుస్తకం మాటలుగా. పది నిమిషాల పని. భాషాప్రియుడి కామెంటు కింద — పొరపాటు సరిదిద్దాను, ధన్యవాదాలు.
ధన్యవాదాలు కూడా చెప్పాను!

13 ఆగస్టు
తన మాటలు ఆ అద్దంలో ఎట్లుంటాయో చూస్తానని అత్త పట్టుబట్టింది. తీసుకెళ్ళాను. నాకు దప్పికగా ఉంటే మంచినీళ్ళకు లేచాను. ఆ కాస్తలో మస్తాన్ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.
"మేఘమా?" అత్త ఆపింది. "ఇది నేను చెప్పింది కాదే."
గ్లాసుతో తిరిగొచ్చిన నా వైపు మస్తాన్ చూశాడు. నేను కీబోర్డు వైపు.
ఎవరో తప్పు పట్టారని, అందుకే మార్చానని చెప్పాను.
"ఎవుడో అంటే మార్చినావా? నన్నొగ మాట అడగలేదే!"
దారంతా నాకు నాలుగడుగులు ముందే నడిచింది. కంటికి చుక్కలు వేసుకునే మనిషి.

17 ఆగస్టు
పొయ్యి దగ్గర, ఊరికే మాట కలుపుదామని, సన్నగా పడే వానకు వేరే పేరేమైనా ఉందా అత్తా అన్నాను.
"నువ్వే చెప్పుకో తల్లీ. సదివినదానివి."
కోపంగా కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

26 ఆగస్టు
ఇంట్లో అన్నీ మామూలే. సంగటి, ఊరుబిండి పచ్చడి, టీవీ. అత్త నాతో మాట్లాడుతుంది — పాలు వచ్చాయా, తలుపు వేశావా. అంతకు మించి లేదు. నోటుబుక్కులో పది రోజులుగా ఒక్క మాట చేరలేదు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఈవిడ మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. ఒక్కొక్కటే విడమర్చి చెప్పింది, ఒక్కసారీ నవ్వలేదు.

2 సెప్టెంబరు
బడి అయ్యాక తిన్నగా నెట్ సెంటర్. కరెంటు ఉంది, మోడెం కూడా బాగానే ఉంది. మొత్తం మళ్ళీ వెనక్కి. మేఘం తీసి మోడం. కింద ఇలా రాశాను: ఈ మాటలు మా అత్తవి. ఒకరు ఆక్షేపించారని భయపడి ఆవిడను అడగకుండా మార్చాను. అది నా తప్పు. కన్నడ సరిహద్దు పక్కన బతికేవాళ్ళకు మాటలు రెండు వైపుల నుంచీ వస్తాయి. వచ్చిన మాట మా ఇంట్లో నలభై ఏళ్ళు కాపురం చేశాక అది మాదే.
హెడ్మాస్టరు చూస్తే చూడనీ.

3 సెప్టెంబరు
అత్తకు ఆ పేజీ నోటుబుక్కులోకి దించి చదివాను. శనక్కాయలు ఒలుస్తూ విన్నది.
"ఇంగొగసారి సదువు."
చదివాను.
"సన్నంగా పడేదాన్ని సోన అంటారు" అంది, తల ఎత్తకుండానే. "రాసుకో."

11 సెప్టెంబరు
బళ్ళో ఆరో తరగతి పిల్ల వ్యాసంలో 'మోడం పట్టినాది' అని రాసింది. పెన్ను ఎత్తి, దించాను. పక్కన మబ్బు, మేఘం అని రాసి, ఇవి కూడా ఉన్నాయి అన్నాను. అంతే. ఆకాశమేమీ కూలలేదు.

24 సెప్టెంబరు
భాషాప్రియుడు మళ్ళీ వచ్చాడు! కానీ ఈసారి తిట్టు కాదు. "బెట్ట అని రాశారు. కరువు అనే అర్థమా?" అంతే. క్షమాపణ లేదు, మెచ్చుకోలూ లేదు. తెలియకే అడిగాడు.
ఇంట్లో అత్త ఇచ్చిన జవాబు: "రెండూ ఒగటేనని ఎవురు చెప్పినారు ఆ యప్పకు? బెట్టంటే పైరుండాది, వాన లేదు. కరువంటే పైరే లేదు. బెట్టలో మనిషి ఇంగా వానకు ఎదురు చూస్తాంటాడు."
అక్షరం మార్చకుండా పెట్టాను.
ఇంటర్నెట్ చెడ్డదని ఈయన, మంచిదని మస్తాన్. నాకేమో బస్టాండులా అనిపిస్తోంది. తోసేవాడూ ఉంటాడు, జరిగి చోటిచ్చేవాడూ ఉంటాడు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకడే.

8 అక్టోబరు, ఆదివారం
అత్త మళ్ళీ నెట్ సెంటర్‌కి. ఈసారి కొత్త కళ్ళద్దాలతో. కూర్చుని చివరిదాకా చదివించుకుంది. తర్వాత స్క్రీన్ మీద వేలు పెట్టింది.
"ఈ కింద ఉండేది ఏం రాత?"
"నా పేరు అత్తా. రాసింది వసుంధర అని."
"నా పేరు యాడుంది?"
మస్తాన్ గబగబా వేరే కేబిన్ వైపు వెళ్ళిపోయాడు. మూడు నెలలు... ఒక్కసారీ తట్టలేదు. మా అత్త, మా అత్త అని రాస్తూనే ఉన్నాను.
"ఇప్పుడే పెడతా. గంగమ్మ అనే కదా?"
"అది రేషన్ కార్డులోది. మా యమ్మ పిల్చే పేరు వేరే."
"ఏమిటది?"
ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు తెలియదు. ఈయనకూ తెలుసో లేదో.
అత్త చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. మస్తాన్ వైపు చూసింది, వాకిట్లో చెప్పులు విడుస్తున్న వాళ్ళ వైపు చూసింది, మళ్ళీ స్క్రీన్ వైపు.
"ఇందరు సదివేదాంట్లో అది పెట్టాల్నా వద్దా... ఆలోచన చేసుకోనీ. తొందరేముండాది?"
పేరు రాసే గడి ఖాళీగా తెరిచి పెట్టాను. లోపల కర్సర్ సన్నటి గీత వెలుగుతూ, ఆరుతూ.