నువ్వు పోయాక పెరిగిన క్రిస్టల్

పద్మా,

డెంగీ నిన్ను తీసుకుపోయి ఏడాదైంది. నేనింకా బేర్ సరాయ్‌లో మన గదిలోనే ఉంటున్నా. ల్యాబ్‌ కోల్డ్ రూమ్‌లో నువ్వు మన ప్రొటీన్ చుక్కలు వేసి పెట్టిన ట్రేని పారేయమని సార్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "తలుపు మెల్లిగా వెయ్యవే, అదిరితే క్రిస్టల్ కట్టదు" అని అరిచేదానివిగా, ఇన్నాళ్ళూ అలాగే వేశా.

మొన్న మైక్రోస్కోపులో చూద్దును కదా, ఎండిపోయిందనుకున్న నీ చుక్కలో క్రిస్టల్! నువ్వు పోయాక, ఆ చలిలో, ఎవరూ చూడనప్పుడు పెరిగింది. లోపల అణువులెలా అమరాయో చూద్దామని ఎక్స్‌రేకి పెట్టాం. మన ప్రొటీన్ ఒంటరిగానే ఉంటుందని అందరూ అంటే, కాదు జంటగానే ఉంటుందని నువ్వొక్కదానివే పోట్లాడావు. జంటే, పద్మా. నువ్వు గీసి చూపించినట్టే, రెండు అణువులు ఒకదాని తోకని ఇంకొకటి పట్టుకుని ఉన్నాయి.

"అచ్ఛా, పాపం ఆ అమ్మాయి చెప్పింది నిజమే" అన్నారు సార్. ఇప్పుడా అనేది? మీటింగ్‌లో అందరూ నిన్ను చూసి నవ్విన రోజు అనాల్సింది.

ఇవాళ సాయంత్రం నీ ట్రే తీసేశాను. కోల్డ్ రూమ్‌లో ఇంకెవరి ట్రేలూ లేవు. అందుకని బయటికొచ్చి తలుపు ధడేలుమని వేశాను.

నీ అరుపు కోసం చాలాసేపు అక్కడే నిలబడ్డాను.