ఫర్హానా మడి

బెంగుళూరు, 9-8-1999

కామాక్షీ, అమ్మ రాసేది. నీ చెల్లెలు సుగుణకు రక్తం క్యాన్సరుకని మందు ఎక్కిస్తున్నారు. ఆ మందు పడినాక జలుబు తగిలినా ప్రాణం మీదికొస్తుందని ఐ.సి.యు.లో పెట్టినారు. నిన్న రెండు ముద్దలు తినింది, భయపడొద్దు.

నేను విభూతి పెట్టబోతే నర్సు ఫర్హానా అడ్డమొచ్చి, "ముట్టొద్దు అజ్జీ, ముందు మోచేతుల దాకా కడుక్కోండి. ఆ పొట్లం బయటే పెట్టండి" అనింది. మడి కట్టుకుని మిమ్మల్నందరినీ ముట్టొద్దని అరిచినదాన్ని నేను! ఆ పిల్ల మంచం దగ్గరికి పోయిన ప్రతిసారీ చేతులు కడుక్కుంటుంది. పొద్దుటి నుంచి బయట కూర్చుని తలుపు అద్దంలోంచి చూస్తూ ఇరవై మూడుసార్లు లెక్కపెట్టినాను. ఇంత మడి నా జన్మలో నేను పట్టలేదే తల్లీ.

ఊరగాయ జాడీకి గుడ్డ కట్టినావా? జలుబుంటే నీవు రావద్దు, పూలు అసలే తేవద్దు. నీకూ పిల్లలకూ నా దీవెనలు. విభూతి కొంగున ముడేసుకున్నాను, సుగుణ బయటికొచ్చిన రోజు పెడతాను.

అమ్మ